వెన్నుదెబ్బ – రాజీకాగితము

చేయి విరిగినచో కట్టు కనబడును. తల పగిలినచో రక్తము కనబడును. వెన్నెముకకు తగిలిన దెబ్బ పలుమారులు పైకి కనబడదు. కారు ఢీకొన్న కూలి ఆ పూట లేచి ఇంటికి నడచిపోవచ్చును. రెండు దినముల పిమ్మట అతడు నడుము వంచలేకపోవచ్చును. నెల గడచినను బస్తా యెత్తలేకపోవచ్చును. ఈలోగా కారు యజమాని గ్రామమునకు వచ్చి, పెద్దల సమక్షమున కొంత సొమ్మిచ్చి, రాజీకాగితముపై వ్రేలిముద్ర వేయించుకొని పోవుట కద్దు. అట్టి రాజీకి సాక్షులుగా కూర్చుండువారు తరచుగా పంచాయతీ సభ్యులే. కావున ఈ విషయమును వారు చక్కగా గ్రహించుట అవసరము.

మొదట చేయవలసిన పని

నడుము నొప్పియనువానిని వంచి లేవదీయరాదు. 108 వాహనమునకు కబురంపి, అది వచ్చువరకు కదలనీయక పరుండబెట్టవలెను. పోలీసు ఠాణాలో ఫిర్యాదు వ్రాయించవలెను. నొప్పి ఎచ్చటనున్నదో వైద్యునికి చెప్పి, చీటీలో వ్రాయించుకొనవలెను. తొలినాటి చీటీలో నడుము మాటయే లేనిచో, ఆ నొప్పి ప్రమాదము వలననే కలిగినదని తరువాత ఋజువు చేయుట కష్టమగును. 2025లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పథకము ప్రకారము, ప్రమాదము జరిగిన నాటినుండి 7 దినములవరకు, రు. 1,50,000 మించకుండ, నిర్ణీత ఆసుపత్రులలో సొమ్ము చెల్లింపకయే చికిత్స పొందవచ్చును.

పరిహారము కోరు విధము

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, రోడ్డుపై తిరుగు ప్రతి వాహనమునకును ఇతరులకు కలుగు నష్టము నిమిత్తము బీమా ఉండవలెను. కారు నడపినవాని అజాగ్రత్త వలన గాయపడినవారు మోటారు ప్రమాదముల ట్రిబ్యునలునందు అర్జీ దాఖలు చేయవచ్చును. ప్రమాదము జరిగిన చోటనే కాక, తాము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలునందును దాఖలు చేయవచ్చును. చట్టము విధించిన గడువు 6 నెలలు; కావున జాగు చేయరాదు. బీమా సంస్థ తానుగా కొంత మొత్తము ఇవ్వజూపవచ్చును. దానిని అంగీకరించుటకును, నిరాకరించి విచారణ కోరుటకును గాయపడినవానికి హక్కు కలదు.

రెండు శాతములు

పరిహారమును నిర్ణయించుటలో వైద్యుడు వ్రాసిన వైకల్యశాతము వేరు, సంపాదనలో కలిగిన నష్టశాతము వేరు. ఈ భేదమును సుప్రీముకోర్టు 2010లో ఒక తీర్పున స్పష్టపరచినది. ఎడమచేయి పోయిన వడ్రంగికి జీవనోపాధియే పోవచ్చును. గుమాస్తాకు ఉద్యోగము నిలువవచ్చును.

ఒక ఉదాహరణము చూతము. నెలకు రు. 12,000 సంపాదించు 38 ఏండ్ల హమాలీ యున్నాడనుకొనుడు. అతని ఏటి సంపాదన రు. 1,44,000. సుప్రీముకోర్టు 2009లో నిర్ణయించిన పట్టిక ననుసరించి ఆ వయస్సువానికి 15 రెట్లు లెక్కింతురు. వైద్యుడు వ్రాసిన 20 శాతమునే నష్టముగా తీసికొన్నచో వచ్చునది రు. 4,32,000. బరువు లెత్తలేనందున సంపాదన 60 శాతము తగ్గినదని ఋజువైనచో వచ్చునది రు. 12,96,000. దెబ్బ ఒక్కటే, భేదము రు. 8,64,000. చికిత్స ఖర్చులు, బాధకు ఇచ్చు పరిహారము మొదలగునవి దీనికి అదనము.

ఈ ఋజువునకు కావలసినవి: ఆసుపత్రి చీటీలు, ఎక్సురే చిత్రములు, మందుల రసీదులు, చికిత్స చేసిన వైద్యుని సాక్ష్యము, ప్రమాదమునకు ముందు చేసిన పనినిగూర్చి పని యిచ్చినవారి వాఙ్మూలము.

సభ్యుల కర్తవ్యము

రాజీ తప్పని మేము చెప్పుటలేదు. లోక్ అదాలతులలో సత్వరముగా పరిష్కారము దొరకును. అయితే అచ్చటి అవార్డుపై అప్పీలు లేదు. కావున చికిత్స ముగిసి, మిగిలిన వైకల్యమెంతో వైద్యుడు తేల్చకముందే చేవ్రాలు చేయరాదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలు, షెడ్యూల్డు కులములు, తెగలవారు, వికలాంగులు, నిర్ణీత పరిమితికి లోబడిన ఆదాయము గలవారు ఉచితముగా న్యాయవాదిని పొందవచ్చును. మండల న్యాయసేవల సంఘమునకు త్రోవ చూపుట సభ్యుల వంతు.

ఇకమీదట ఎవరైనను రాజీకాగితము తెచ్చి సాక్షిసంతకము కోరినచో, సభ్యుడు ముందుగా అడుగవలసిన ప్రశ్న యిది: “ఇతడు రేపు బస్తా యెత్తగలడా?” దానికి వైద్యుడు సమాధానము చెప్పువరకు కలమును జేబులోనే యుంచుట మేలు.