శిలలపై వెలుగు

హైదరాబాదు పరిసరాలలో ఒకదానిపై ఒకటి పేర్చినట్లు నిలిచిన గ్రానైటు గుండ్లను చూసినవారికి, వీటిని ఎవరు పేర్చారన్న సందేహం కలగడం సహజం. పేర్చినవారు ఎవరూ లేరు. సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రిందట భూగర్భంలో గట్టిపడిన ఆ శిలలో నిలువుగాను, అడ్డంగాను బీటలు ఏర్పడినవి. బీటల వెంట దిగిన నీరు మూలలను ముందుగా మెత్తబరచింది. మెత్తబడినదంతా వానలకు కొట్టుకొనిపోగా, గుండ్రని గుండ్లు ఉన్నచోటనే మిగిలినవి. ఈ సంగతి ఎరిగిన ఛాయాగ్రాహకుడు వింత ఆకారంతో తృప్తిపడడు. బీటను, ఉల్లిపొరవలె ఊడివచ్చే పెచ్చును కూడా వెదకుతాడు. వెలుతురు ఏటవాలుగా పడితేనే అవి స్పష్టపడతాయి.

మధ్యాహ్నపు ఎండలో బండ పైభాగం తెల్లగా మండిపోయి, క్రిందిభాగం నల్లని నీడలో మునిగిపోతుంది. ఉదయం, సాయంకాలం సూర్యకిరణాలు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించడం వలన నీలికాంతి చాలవరకు చెదిరిపోయి, ఎరుపు, పసుపు మిగులుతాయి. గండికోట వద్ద పెన్నా లోయ గోడలు ఆ వేళల్లో మరింత ఎర్రబారడానికి కారణం ఇదే. అయితే గడియారం ఒక్కటే చాలదు, పంచాంగం కూడా చూసుకోవాలి. హైదరాబాదులో డిసెంబరు సూర్యుడు తూర్పునకు సుమారు 25 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. ఉత్తరముఖంగా నిటారుగా ఉన్న బండకు ఆ రోజుల్లో ఎండ తగలదు. జూన్‌లో అంతే దూరం ఉత్తరంగా ఉదయిస్తాడు కనుక అదే ముఖంపై ప్రాతఃకాలపు ఎండ రాచుకొంటూ పోతుంది. ఒక్కరోజు వెళ్లి చిత్రం కుదరలేదని నిరాశపడేవారు ఆరునెలల తరువాత మరల వెళ్లడం మంచిది.

జబల్‌పూర్ సమీపాన భేడాఘాట్‌లో నర్మదకు ఇరువైపులా నిలిచిన చలువరాతి గోడలు మరొక పాఠం నేర్పుతాయి. కెమెరాలోని కాంతిమాపకం తన ఎదుట ఉన్నదంతా నడితరపు బూడిదరంగు అని భావిస్తుంది. దానిని నమ్మితే తెల్లని శిల మురికిగా వస్తుంది. ఒకటి, రెండు స్టాపులు అదనపు వెలుగు ఇవ్వాలి. వెన్నెలలో పని ఇంకా కష్టం. పూర్ణచంద్రుని కాంతి ఎండలో సుమారు 4 లక్షల వంతు మాత్రమే. 1600 ఐ.ఎస్.ఓ., ఎఫ్/4 వద్ద కూడా దాదాపు 15 సెకన్లు కెమెరా కదలకుండా ఉండాలి; ఊగే పడవలో అది సాధ్యం కాదు, ఒడ్డున ట్రైపాడ్ నిలపవలసిందే. అంతా చేశాక చిత్రం పట్టపగలు తీసినట్లు వస్తుంది! వెన్నెలలో మన కంటికి ఆనని రంగులను కెమెరా పట్టుకొంటుంది. రాత్రిని రాత్రిగా చూపదలచినవారు ఎక్స్‌పోజర్‌ను కొంత తగ్గించాలి.

కర్ణాటకలోని మల్పే తీరాన సెయింట్ మేరీస్ దీవులలో పరిస్థితి ఇందుకు భిన్నం. మడగాస్కర్ భారతభూభాగం నుండి విడిపోయిన కాలంలో, దాదాపు 9 కోట్ల సంవత్సరాల క్రిందట, పైకి వచ్చిన లావా చల్లారి కుంచించుకొనిపోయినప్పుడు స్తంభాలుగా చీలింది. వాటిలో అనేకం ఆరు పలకలవి. ఈ ముదురురంగు శిలకు కాంతిమాపకం చూపినదానికంటె తక్కువ వెలుగు చాలు. అలలు తడిపిన రాయి తళతళలాడి అంచులను కప్పివేస్తుంటే, పోలరాయిడ్ ఫిల్టరును నెమ్మదిగా త్రిప్పి ఆ మెరుపును తగ్గించవచ్చు.

పరిమాణం తెలియజేయని చిత్రం విద్యార్థికి అంతగా ఉపకరించదు. మహాబలిపురంలో కృష్ణుని వెన్నముద్దగా పిలువబడే గుండును చేతులతో ఆపుతున్నట్లు నటిస్తూ చిత్రం తీయించుకొనేవారిని చూసి నవ్వుకొంటాము గాని, దాని ఎత్తు సుమారు 6 మీటర్లని మనకు తెలియజేసేది వారే.

హైదరాబాదులో భవనాలకు, రహదారులకు ఎన్నో గుండ్లు పగులగొట్టబడినవి. శిలల రక్షణకై 1996లో అక్కడ ఒక సంఘం కూడా ఏర్పడింది. ఇటుక మళ్లీ కాల్చవచ్చు, గుండు మళ్లీ పుట్టదు. పోయిన బండకు మిగిలే సాక్ష్యం చాలాచోట్ల ఛాయాచిత్రమే కావచ్చు. అందుచేత ఒకేచోట నిలబడి, అదే లెన్సుతో, ఏటేటా అదే తేదీన, అదే వేళకు చిత్రం తీయాలి. నీడలు సరిపోలినప్పుడే క్రొత్త పగులు ఏదో, పాత నీడ ఏదో తేలుతుంది. తేదీ, వేళ, కెమెరా చూసిన దిక్కు, బండకు గల దూరం ఆనాడే వ్రాసుకోవాలి.