ముందు చేసిన రిపేరే చెడగొట్టిన ఇంజిన్‌ను బాగుచేయడం ఎలా?

ఇంజిన్ హీటెక్కి ఆగిపోయిన బండికి మన వైపు చాలా షెడ్లలో జరిగేది ఇదే. హెడ్డు విప్పుతారు, కొత్త గ్యాస్కెట్ వేస్తారు, థర్మోస్టాట్‌ను పీకి పక్కన పడేస్తారు, రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తారు, సాయంత్రానికి తాళం చేతిలో పెడతారు. నాలుగు రోజులు బండి బాగానే తిరుగుతుంది. తర్వాత భాకరాపేట ఘాట్‌లోనో, తిరుమల రెండో ఘాట్ ఎక్కుతుండగానో మీటరు ముల్లు మళ్లీ ఎర్రగీతకు పోతుంది. ఈసారి దెబ్బ పెద్దది.

ఇలాంటి ఇంజిన్‌కు వెంటనే ఇంకో కొత్త గ్యాస్కెట్ కొనకండి. పాత పనిలో ఏ తప్పు జరిగిందో తెలియకుండా వేసిన కొత్త సామాను కూడా అదే దారి పడుతుంది. మొదటిసారి చేస్తున్నవాళ్లు చూడడం, రాసుకోవడం, కొలవడం సొంతంగా చేసుకోవచ్చు. హెడ్డు విప్పేటప్పుడు మాత్రం చేయి తిరిగిన మేస్త్రి పక్కన ఉండాలి.

1. స్టార్ట్ చేయడం ఆపండి

హీటెక్కిన ఇంజిన్‌ను ‘ఒకసారి చూద్దాం’ అని తిప్పితే బేరింగులు పోతాయి. రేడియేటర్ మూత వేడి మీద తీయకూడదు, పూర్తిగా చల్లారాలి. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. స్పార్క్ ప్లగ్గులు విప్పి వరుసలో పెట్టండి. ఒకటి మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు దిగుతున్నాయని అనుమానించాలి. ప్లగ్గు వంకరగా దిగి ఉంటే హెడ్డులో మర పోయి ఉంటుంది. అల్యూమినియం హెడ్డుకు ఇది మామూలే. లేత్ షాపులో కొత్త మర వేస్తారు, దానికోసం హెడ్డు మార్చనక్కర్లేదు.

2. పాత పని ఆనవాళ్లు వెతకండి

ఫోన్ తీసి ప్రతి పైపు, ప్రతి వైరు ఫొటో తీసుకోండి. ఏ బోల్టు తల అరిగింది, ఏ క్లిప్పు బదులు తీగ చుట్టారు, ఎక్కడ బోల్టే లేదు, అన్నీ రాసుకోండి. ముందు చేసిన మేస్త్రి దగ్గరికి పోయి, ‘అన్నా, థర్మోస్టాట్ ఉందా తీసేశారా? హెడ్డు ఫేసింగ్ కొట్టించారా?’ అని మర్యాదగా అడగండి. ఫేసింగ్ అంటే హెడ్డు అడుగును మిషన్ మీద చదును చేయించడం. గొడవకు పోతే ఆ రెండు జవాబులూ దొరకవు.

థర్మోస్టాట్ తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందన్న నమ్మకం మన షెడ్లలో గట్టిగా నాటుకుపోయింది. అది తప్పు. చాలా కార్లలో అది 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అది లేకపోతే ఇంజిన్ సరిగా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజిన్లలోనైతే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా బైపాస్‌లోనే తిరిగి, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా హీటెక్కుతుంది.

3. ఆయిల్ ఛాంబర్ దించి చూడండి

దీన్ని చాలామంది వదిలేస్తారు. నన్నడిగితే అసలు రోగం ఎక్కువసార్లు ఇక్కడే ఉంటుంది. ఛాంబర్‌కు గ్యాస్కెట్ బదులు సిలికాన్ పేస్టు పూస్తారు. కొంచెం చాలు, కానీ ట్యూబు సగం పిండుతారు. బోల్టులు బిగించగానే మిగిలింది లోపలికి ఉబ్బి, ఎండి, తునకలై రాలుతుంది. స్ట్రైనర్ జల్లెడకు టార్చి పెట్టి చూడండి. బూడిదరంగు రబ్బరు పోగులు జల్లెడ కన్నాల్లో చిక్కుకుని, గోటితో లాగితే సాగుతూ వస్తాయి. అవి ఉన్నంతకాలం ఆయిల్ సరిగా పైకి ఎక్కదు. వేడి మీద ఐడ్లింగ్‌లో ఆయిల్ లైటు మిణుకుమనేది దీనివల్ల కూడా కావచ్చు. స్ట్రైనర్ కడిగితే చాలనుకోకండి, ఒక బేరింగ్ మూత విప్పి గీతలు పడ్డాయేమో చూపించండి.

కొత్తగా పూసేటప్పుడు రెండు వైపులా పాతది పూర్తిగా గీకి, నూనె జిడ్డు తుడిచి, సుమారు 3 మి.మీ. లావు గీతలా తెగకుండా పెట్టండి. బోల్టు కన్నాలకు లోపలి పక్కగా పోవాలి. హెడ్ గ్యాస్కెట్‌కు మాత్రం, మాన్యువల్ చెప్పిన చోట తప్ప, సిలికాన్ పూయకండి.

4. హెడ్డు విప్పి కొలవండి

బోల్టులు చివరల నుంచి మధ్యకు, కొద్దికొద్దిగా వదులు చేయాలి. ఒకే బోల్టును ఒక్కసారిగా విప్పితే హెడ్డు వంగుతుంది. తర్వాత ఉక్కు స్కేలు నిలువుగా, అడ్డంగా, మూలల నుంచి మూలలకు పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. మారుతి 800 లాంటి చిన్న ఇంజిన్లకు 0.05 మి.మీ. రేకు దూరిందంటే ఫేసింగ్‌కు పంపాల్సిందే. మీ బండి కొలత సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. బ్లాకు పైభాగాన్నీ ఇలాగే కొలవాలి. పవర్ టూల్‌కు ఉప్పుకాగితం పెట్టి గీకనివ్వకండి, ఆ పొడి ఆయిల్‌లో కలిస్తే బేరింగులను నమిలేస్తుంది.

5. బిగించడం

బోల్టు కన్నాల్లో నీళ్లు, ఆయిల్ నిలవకూడదు. వాటి మీద బోల్టు బిగిస్తే ఒత్తిడికి బ్లాకే పగలొచ్చు. టార్క్ రెంచ్ లేని షెడ్డులో ఈ పని చేయించకండి. మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతలుగా బిగించాలి. టార్క్ తర్వాత డిగ్రీల లెక్కన తిప్పే రకం బోల్టులు సాగేవి. కొత్తవి వేయమని మాన్యువల్ చెబితే పాతవి మళ్లీ వాడొద్దు.

టైమింగ్ గుర్తులు కలిపాక స్టార్టర్ జోలికి పోకుండా, స్పానర్‌తో క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆగిపోండి. గుర్తు తప్పిందంటే వాల్వులు పిస్టన్‌కు కొట్టుకుంటాయి.

6. నీళ్లు

మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కాగు అడుగున పేరుకున్న తెల్లపొర చూశారుగా, రేడియేటర్ గొట్టాల్లోనూ అదే పేరుకుంటుంది. రేడియేటర్ కడిగించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. కూలెంట్ తియ్యగా ఉండే విషం, పిల్లలకు, కుక్కలకు అందనివ్వకండి. రేడియేటర్ మూత కూడా కొత్తది కొనండి. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ మామూలు నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. మూత ఒత్తిడి పట్టి ఉంచితేనే కూలెంట్ 120 డిగ్రీల దాకా మరగకుండా తట్టుకుంటుంది.

గొట్టాల్లో చిక్కిన గాలి పోయేదాకా హీటర్ పూర్తిగా తిప్పి ఇంజిన్‌ను ఐడ్లింగ్‌లో ఉంచండి. ఫ్యాను తిరిగి ఆగేదాకా పక్కనే నిలబడండి.

7. రోడ్డు మీద

మొదట ఊళ్లో, తర్వాత చిత్తూరు హైవే మీద, చివర్న ఎత్తు. ప్రతిసారీ మరుసటి ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ గీత, ఆయిల్ గీత చూసి రాసుకోండి. తిరుమల నుంచి దిగేటప్పుడు 1944 నాటి మొదటి ఘాట్‌లో చిన్న గేరులోనే రండి, బ్రేకు మీద వదిలేయకండి.

సుమారు 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చండి. తీసిన ఆయిల్ తెల్లటి పళ్లెంలో పోసి ఎండలో చూడండి. మెరిసే పొడి కనబడితే బండిని ఆపేసి బేరింగులు చూపించండి.