వ్యాయామము – మనోవత్తిడి

పరీక్షల మాసము వచ్చినంతనే పాఠశాలలలో మొదట రద్దగునది ఆటల పీరియడు. తెలుగు పండితుడనైన నేనును డ్రిల్లు మాస్టరుగారి నడిగి, ఆ గంటను ఛందస్సునకు వాడుకొన్నవాడనే. ఒక యేడు చక్కగా చదువు బాలుడొకడు పరీక్షగదిలో చేతులు వణకి, కంఠస్థమైన పద్యమునే మరచి కన్నీరు పెట్టుకొనెను. నా పొరపాటు నాకప్పుడు తోచినది.

భయము గాని, చింత గాని కలిగినపుడు మెదడునుండి ఆజ్ఞ వెడలును. మూత్రపిండములపై టోపీలవలె నుండు అధివృక్క గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములను రక్తములో విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును, రక్తపోటు హెచ్చును, కాలేయములోని చక్కెర రక్తములోనికి వచ్చును. బాధ ఏ కారణమున కలిగినను దేహమునందు ఒకే తీరు మార్పులు కనబడునని హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు ఎలుకలపై పరిశోధించి 1936లో ప్రకటించెను.

ఇదంతయు పులి ఎదురైనపుడు పోరాడుటకో, పరుగెత్తుటకో ప్రకృతి చేసిన ఏర్పాటు. మన బాలున కెదురైనది పులి కాదు, ప్రశ్నపత్రము! పరుగునకు సిద్ధమైన దేహమును మనము కదలనీయక కూర్చుండబెట్టుచున్నాము. దినదినము ఇట్లే సాగినచో నిద్ర చెడును, జ్ఞాపకశక్తి సన్నగిల్లును.

నడక, ఈత, కబడ్డీ మొదలగువానిలో కండరములు ఆ చక్కెరను వినియోగించుకొనును. వ్యాయామ సమయమున పై రసములు కొంత హెచ్చుట నిజమే. కాని నిత్యాభ్యాసముగల దేహము ఆ తాకిడిని ఓర్చుకొని, త్వరగా శాంతించుట నేర్చును. కావుననే శక్తికి మించిన శ్రమ, విశ్రాంతిలేని శ్రమ తగవు.

5 మొదలు 17 ఏండ్లవరకు గల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషములు, పెద్దలకు వారమునకు 150 నిమిషములైన వ్యాయామము కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఓరుగల్లు వాసులకు భద్రకాళి చెరువుగట్టు ఉండనే యున్నది. గుండెజబ్బు గలవారు మాత్రము వైద్యుని అడిగియే ఆరంభింపవలెను.

ఉదయము లేవగానే మణికట్టు నాడిని ఒక నిమిషము లెక్కించి వ్రాసికొనుడు. కొన్ని వారములు క్రమముగా నడచిన పిదప మరల లెక్కింపుడు. సాధారణముగా ఆ సంఖ్య కొంత తగ్గును.

తల్లిదండ్రులారా! పరీక్షలవేళ పిల్లలనుండి పుస్తకమును లాగికొనము గదా. ఆటను మాత్రమేల లాగికొనవలెను?