ఉక్కును తొలుచు పాకుడు

విద్యార్థులారా! మన బద్వేలు సీమలో వానలు తక్కువ. చెరువు లెండినపుడు బోరుబావులే మనకు దిక్కు. పాత చేతిపంపును వేకువనే కొట్టినచో తొలిబిందెలో ఎఱ్ఱనీరు వచ్చి, కొంతసేపటికి తేటపడుట కొన్నియెడల చూచుచున్నాము. "ఈ బోరునీరు చెడినది" యని జనులు దానిని విడిచిపెట్టుటయు గలదు. కరవు నేలలో మంచి బావిని విడుచుట యెంత నష్టము! చెడినది నీరో, గొట్టమో విచారింతము.

తడియు, గాలిలోని ఆమ్లజనియు కలిసి ఇనుమునకు త్రుప్పు పట్టించునని తరగతిలో చెప్పియున్నాము. అయినను గాలి చొరని తావులందును గొట్టములు చిల్లులు పడుచుండును. దీనికి సూక్ష్మజీవు లొక ముఖ్యకారణము.

నీటిలోని బాక్టీరియాలు ఇనుమున కంటుకొని, జిగురును స్రవించి, అందు గుంపులుగా కాపురముండును. వ్రేలికి జారుడుగా తగులు పాకుడు చాలవఱ కిదియే. పొర పలుచనిదైనను, పైనున్న జీవులు ఆమ్లజనిని వాడుకొనుటచే అడుగున నది కఱవగును. ఆమ్లజని తగులుచోటికిని తగులనిచోటికిని నడుమ చిన్న విద్యుద్ఘటము వంటి దేర్పడి, తగులనిచోట ఇనుము కరగును. కావున త్రుప్పు అంతట సమముగా గాక, ఒక్కచోటనే గుంట త్రవ్వును. గట్టిగా గనుపించు గొట్టము తటాలున చిల్లుపడుట కిట్టి గుంటలే హేతువు.

ఈ కాపురమున రెండు తెగలు గమనింపదగినవి. గాలియోనెల్లా మొదలగు ఇనుప బాక్టీరియాలు కరగిన ఇనుమును ఎఱ్ఱని త్రుప్పుగా మార్చి బొడిపెలు కట్టించును. ఆ బొడిపెల క్రింద, గాలి లేనిచోట, డీసల్ఫోవిబ్రియో వంటివి పెరుగును. ఇవి నీటిలోని సల్ఫేటును కుళ్లిన గ్రుడ్ల వాసనగల హైడ్రోజన్ సల్ఫైడుగా మార్చును. అది ఇనుముతో కలిసి నల్లని ఐరన్ సల్ఫైడగును. 1934లో హాలెండు దేశీయులగు ఫాన్ వోల్జోగెన్ క్యూర్, వాన్ డెర్ ఫ్లూగ్ట్ అను నిరువురు, ఈ జీవులు ఇనుముపై నేర్పడు ఉదజనిని హరించుటచేతనే త్రుప్పు సాగునని వాదించిరి. ఇట్టి జీవులలో కొన్ని ఇనుమునుండి ఎలక్ట్రానులను నేరుగా గైకొనునని 2004లో జర్మనీ శాస్త్రజ్ఞులు నిదర్శనము చూపిరి.

పాకుడంతయు హానికరము గాదు. ఆమ్లజనిని ఇనుముదాక పోనీయక కాపాడు పొరలును గలవు. కాని బొడిపెలు, నల్లని మడ్డి, దుర్వాసన కలసి యున్నచో ఉపేక్షింపరాదు. బ్లీచింగు పొడి పైజీవులను చంపును గాని జిగురు లోపలి వానిని సులభముగా చేరదు. మితి మీరినచో తానే ఇనుమును తినును. కావున ముందు పాకుడును గీకి తోమి, పిదప తగు పాళ్లలో మందు వేయవలెను. ఇనుప తొట్టికి రంగు పూయుటకు ముందును ఇట్లే గీకి, కడిగి, ఆరబెట్టవలెను.

మీరొక పరీక్ష చేయుడు. వేకువ తొలినీటిని ఒక గాజుసీసాలోను, చాలసేపు కొట్టిన పిదప వచ్చు నీటిని మఱియొక సీసాలోను పట్టి సాయంకాలమువఱకు నుంచుడు. రెండును ఎఱ్ఱబడినచో ఇనుము భూజలమందే యుండవచ్చును. మొదటిది మాత్రమే ఎఱ్ఱనైనచో దోషము చాలవఱకు గొట్టముదే. అపుడు బావిని విడువ నక్కఱలేదు. గొట్టములు మార్చిన చాలును. ఈ సంగతిని మీ యింటి పెద్దలకు దెలుపుడని కోరుచున్నాము.