సర్వరునకు రెండవ దారి

మన భివండీలో మరమగ్గముల చప్పుడు వినరాని వీధి అరుదు. పేక తెగినంతనే మగ్గము తనంత తాను నిలిచిపోవు ఏర్పాటును విద్యార్థులు చూచియే యుందురు. నిలుచుట వరకు యంత్రము పని. నాడెలోని కండెను సరిచేసి మరల నడిపించుటకు మనిషి మగ్గము చెంతకు పోవలసినదే.

సర్వరుల సంగతి అట్లు కాదు. మన ఠాణే జిల్లాలోనే, నవీ ముంబయిలోని మహాపేలో, హైదరాబాదు సంస్థయగు కంట్రోల్‌ఎస్ వారి డేటా సెంటరు గలదు. అట్టి చోట్ల నుండు సర్వరుల నడుపువారు ఏ దూరపు ఊరనో యుందురు. నడిరేయి సర్వరు స్తంభించినచో దాని ఆపరేటింగ్ సిస్టమే పలుకదు. మామూలు నెట్‌వర్కు దారిన ఎంత పిలిచినను ఫలితము లేదు.

ఇందుకై మదర్‌బోర్డు మీదనే వేరొక చిన్న కంప్యూటరు నమర్చుదురు. దీనిని బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్ అందురు. దీనికి ప్రాసెసరు వేరు, మెమరీ వేరు, తరచుగా నెట్‌వర్కు తీగయు వేరు. సర్వరు ఆపివేయబడి యున్నను, ప్లగ్గులో విద్యుత్తున్నంత కాలము ఇది మేలుకొనియే యుండును. దీని ద్వారా యంత్రపు వేడిమిని, పంకాల వేగమును తెలిసికొనవచ్చును. విద్యుత్తును ఆపి మరల ఇయ్యవచ్చును. తెరపై తొలి అక్షరము మొదలు చూచుచు ఆపరేటింగ్ సిస్టమును క్రొత్తగా ఎక్కింపవచ్చును. ఇట్టి పరికరములతో మాటలాడుటకు 1998లో ఐపీఎంఐ అను ప్రమాణమును, 2015లో రెడ్‌ఫిష్ అను నవీన ప్రమాణమును వెలువడినవి.

అయితే ఈ రెండవ దారి నిజముగా రెండవదేనా యని విచారింపవలెను. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సంస్థలో, మరమ్మతు వేళ ఇచ్చిన ఒక ఆజ్ఞ వలన డేటా సెంటరులను కలుపు నెట్‌వర్కంతయు తెగిపోయెను. ఆపత్కాలమునకని యుంచుకొన్న ప్రత్యేక దారియు ఆనాడు పనిచేయలేదు. తుదకు ఇంజనీర్లు స్వయముగా డేటా సెంటరులకు పోవలసి వచ్చెను; దొంగల కొరకు బిగించిన కట్టుదిట్టములు వారినే ఆలస్యము చేసినవి! సుమారు ఆరు గంటలు సేవలు నిలిచెను. 2022 జూలై 8న కెనడాలోని రోజర్స్ సంస్థకును ఇట్టి కష్టమే కలిగెను. అచ్చట నిర్వహణ నెట్‌వర్కు ప్రధాన నెట్‌వర్కు పైననే ఆధారపడి యుండుటచే రెండును కూడియే పడిపోయినవి. కావుననే జాగరూకులగు వారు నిర్వహణకు వేరొక కంపెనీ తీగనో, మొబైల్ సిమ్మునో వాడుదురు.

దారి యున్నచోట దొంగభయమును ఉండును. 2004 నాటి ఐపీఎంఐ రెండవ కూర్పులో నొక లోపము గలదు: సరియైన వాడుకరి పేరు చెప్పిన వానికి, సంకేతపదమును అడుగక మునుపే, దానినుండి పుట్టిన హ్యాష్‌ను కంట్రోలరు పంపును. దానిని ఇంటికి కొనిపోయి తీరికగా ఛేదింపవచ్చును. ఈ లోపమును 2013లో డాన్ ఫార్మర్ అను పరిశోధకుడు విపులముగా వెల్లడించెను. అది ప్రమాణములోనిదే యగుటచే ఒక తయారీదారు దిద్దిన తీరునది కాదు. అందుచే ఈ తీగను బహిరంగ ఇంటర్నెట్టునకు ఎన్నడును తగిలింపక, వీపీఎన్ వెనుక దాచి, ఫ్యాక్టరీనుండి వచ్చిన సంకేతపదమును తొలినాడే మార్చి, పొడవైన దానిని పెట్టుదురు.