ఆటలో అక్షరము

పాల్కురికి సోమనాథుని బసవపురాణమందు గొడగూచి కథ కలదు. తండ్రి ఊరికేగుచు శివునకు పాలు నివేదింపుమని పసిబిడ్డకు చెప్పెను. స్వామి త్రాగువరకు ఆ బాలిక గిన్నె ముందుంచుకొని బతిమాలెను, ఏడ్చెను. పెద్దలు దీనిని ముగ్ధభక్తి యందురు. చదువు చెప్పువారు ఇందు మరియొకటి గమనింపవలెను: తమకప్పగించిన పనిని పసివారు నిజమని నమ్ముదురు.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరొందినవి. నేడు తోటలు తగ్గి ఇండ్లస్థలములు పెరిగినవి. మూడేండ్ల బిడ్డను బడిబస్సెక్కించి, పలకనిండ అంకెలు దిద్దించుటయే చదువని అనేకులు భావించుచున్నారు. ఆ వయస్సున దిద్దించిన చేయి నొచ్చునేగాని లెక్క రాదు. 2020 జాతీయ విద్యావిధానము సైతము మూడు నుండి ఎనిమిదేండ్లవరకు ఆటపాటలతోడి బోధననే కోరినది.

వంటయింట బిడ్డచేత బియ్యము కొలిపింపవలెను. రెండు సోలలకు తవ్వ నిండుట కన్నులార చూచును. (సోల, తవ్వ లేని ఇంట టీగ్లాసైనను సరియే.) వామనగుంటలలో గుంటకొక గింజ వేయుచు ఎంచుట నేర్చును. లింగపూజకు పూలను రంగులవారీగా ఏరుట, దాసోహమునకు వచ్చినవారెందరో చూచి అన్ని విస్తళ్ళు పరచుట, ఇవి పిల్లల కాయకములే. ఒక విస్తరి తక్కువైనచో గద్దింపరాదు. “ఎవరికి రాలేదో చూడు నాయనా” యనిన చాలును. బిడ్డ పంక్తియంతయు మరల చూచి, తానే తెచ్చి వేయును. చింతగింజలు మాత్రము నోటను, ముక్కునను పెట్టుకొనకుండ పెద్దలు దగ్గర నుండవలెను.