పచ్చికబీళ్ళలో వయ్యారిభామ: రైతులు చేయవలసిన పని

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మెట్టగ్రామములలో గరువుభూములు, చెరువుగట్లు, గెడ్డల యొడ్లు, బంజరులు పశువుల మేతకు ఆధారములు. వానకాలమందు ఈ చోట్ల మొలచు పచ్చికయే వేసవికి దాచుకొనిన గడ్డిమేటను ఆదాచేయును. ఇట్టి భూములను వయ్యారిభామ యను కలుపుమొక్క ఆక్రమించుకొనుచున్నది. దీనినే కాంగ్రెసు గడ్డి యనియు పిలుతురు. పేరునకు గడ్డియే గాని యిది గడ్డి కాదు. పశువులకు మేతయు కాదు.

ఇది అమెరికాఖండమునకు చెందిన మొక్క. 1955వ సంవత్సరమున పూనాలో దీనిని గుర్తించిరి. దిగుమతియైన గోధుమలతో దీని విత్తనము వచ్చినదని పలువురు తలంతురు. అటుపిమ్మట దేశమంతట వ్యాపించినది.

గుర్తించు విధము: లేతమొక్క ఆకులు నేలకు అంటుకొని చుట్టును పరచుకొనియుండును. ఆకులు చామంతి ఆకువలె చీలియుండును. పిమ్మట కాండము మూడు నాలుగు అడుగులు పెరిగి, చిన్న తెల్లని పూలు గుత్తులుగా పూయును. మొలచిన తరువాత ఇంచుమించు నెలదినములకే పూతకు వచ్చును. ఒక్క మొక్కకు పదివేలకు మించి విత్తనములు కలుగును. అవి మిక్కిలి తేలికయైనవగుటచే గాలితోను, వాననీటితోను, బండిచక్రములకును పశువుల గిట్టలకును అంటిన బురదతోను దూరప్రదేశములకు పోవును. నేలలో పడిన విత్తనము కొన్ని సంవత్సరములవరకు చెడక, తేమ తగిలినప్పుడు మొలచును.

కలుగు నష్టము: ఈ మొక్క పచ్చికను అణచివేయును. మేత చాలక పశువు దీనిని తినినచో పాలు చేదెక్కును. మేతలో హెచ్చుపాలు ఇదియే యైనప్పుడు పశువులు చనిపోవుటయు పరీక్షలలో కానవచ్చినది. మనుష్యులకు దురద, చర్మవ్యాధి, ఉబ్బసము కలిగించును.

కొందరు రైతులు "నా పొలము శుభ్రముగ నున్నది, గట్టుమీదిదియు బంజరులోనిదియు నాకేల?" యని యందురు. ఇది సరికాదు. బంజరులో పూచిన మొక్క విత్తనమే మరుసటి వానకు వారి పొలములో మొలచును. ఒక్కరు పీకి, పొరుగువారు విడిచిపెట్టినచో పడిన శ్రమ వ్యర్థమగును. కావున ఇది ఊరందరును కలిసి చేయవలసిన పని.

పూర్వము నాగజెముడు దక్షిణ హిందూదేశమున విస్తారమైన భూములను కప్పివేసినప్పుడు, 1926లో సింహళమునుండి ఒక పురుగును తెప్పించి విడువగా, అది కొలదియేండ్లలోనే జెముడును అణచినది. వయ్యారిభామకును అట్టి ఉపాయము జరిగినది. మెక్సికో దేశపు పెంకుపురుగును తెప్పించి 1984లో బెంగుళూరులో విడిచిరి. అది వానకాలమందు ఆకులను తిని మొక్కను క్షీణింపజేయును. కాని జెముడు బహుకాలము నిలిచియుండు మొక్క. పురుగునకు ఏడాదిపొడుగున ఆహారము దొరకును. వయ్యారిభామ కొన్ని నెలలలో ఎండి, విత్తనమును నేలలో విడుచును. పెంకుపురుగు ఎండకాలమందు నేలలో దాగియుండును. కావున దానిపైననే భారము వేసి ఊరకుండరాదు. ఆ పురుగు కానబడినచోట దానిని చంపక, మిగిలిన పనిని చేతితో చేయవలెను.

చేయవలసిన పనులు:

1. తొలివానలు పడిన మూడు వారములకు, నేల మెత్తగానున్నప్పుడు, పూతకు ముందే మొక్కను వేరుతో పీకవలెను. కోసి విడిచినచో మరల చిగుర్చును. మరల మొలచు మొక్కలకై నెలకొకమారు బీడు చూచుకొనవలెను.

2. పీకువారు చేతులకు తొడుగులు తొడుగుకొని, ముక్కునకును నోటికిని గుడ్డ కట్టుకొనవలెను. ఒంటికి దురద గలవారిని, ఉబ్బసము గలవారిని ఈ పనికి పంపరాదు.

3. పూయని మొక్కలను గత్తమునకు వాడవచ్చును. నీరు నిలువని చోట 3 అడుగుల లోతు, 6 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు గల గోతిలో మొక్కలు, పేడనీరు, మన్ను వరుసలుగా వేసి పైన మట్టితో మెత్తవలెను. నాలుగైదు నెలలలో మంచి ఎరువగును. పూచిన మొక్కలను మాత్రము గోతిలో వేయరాదు. వాటిని ఒకచోట చేర్చి, ఎండిన పిదప కాల్చవలెను.

4. బాటల ప్రక్కలను, పాడుగోడల యొద్దను లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు చొప్పున కలిపి ఆకులు తడియునట్లు చల్లవచ్చును. ఉప్పు నేలను చెరచును గనుక పొలములలోను, పచ్చికబీళ్ళలోను దీనిని వాడరాదు.

5. పీకిన నేలను బోడిగా విడువరాదు. ఖాళీనేలయే ఈ మొక్కకు తావు. తంటెము గింజలు చల్లినచో ఆ మొక్క దట్టముగా పెరిగి వయ్యారిభామను అణచును. మేతబీడులో వానలకు స్టైలో లేక అంజన్ గడ్డి విత్తి, అది నిలదొక్కుకొనువరకు పశువులను తోలరాదు.

6. నారాయణవలస, మానాపురము వంటి సంతలనుండి పశువును కొనితెచ్చినప్పుడు గిట్టలను కడిగి, కొన్నిదినములు సాలలోనే మేపవలెను. పొరుగూరినుండి గడ్డిగాని, గత్తముగాని తెచ్చిన చోటును పిమ్మట కనిపెట్టియుండవలెను.

సందేహములు గలవారు ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రములలో అడిగి తెలిసికొనవచ్చును.

రైతులారా! ఈ పనికి విశేషమైన సొమ్ము అక్కరలేదు. వేళ తప్పకుండుటయే ముఖ్యము. పూతకు ముందు ఒక పూట పని, పూత పిమ్మట పలుయేండ్ల పని యగును. తొలివానలు పడినంతనే పెద్దలు కూడి ఒక దినము నిర్ణయించి, ఇంటికొక మనిషిని పంపి ఊరి బీడును శుభ్రపరచుకొనవలెను. అట్లు చేసిన గ్రామమున పచ్చిక మరల నిలుచును, పశువు నిలుచును, సేద్యము నిలుచును.